పెనాల బాణం

ఆ ఉదయం వెర్నా సంకల్పం అత్యంత సామాన్యమైనది: మధ్యాహ్నానికి చిక్కుళ్లు ఉడికించాలి, మొక్కజొన్న రొట్టె కాల్చాలి, భర్తను ఆకాశం నుంచి దింపి ఆ రెండూ తినిపించాలి.

ఆమె భర్త డెల్మర్ నేషనల్ గార్డ్‌లో హెలికాప్టర్ నడుపుతాడు. కెంటకీ కొండల్లో దొంగచాటు గంజాయి తోటలను కనిపెట్టడం అతని దళం పని. కొండ అవతలి ఆనకట్టకు ముప్పు ఉందన్న వదంతి పుట్టడంతో, వేసవి మొదట్లో ఆ హెలికాప్టర్లను దాని కాపలాకు మళ్లించారు. నాటి నుంచి డెల్మర్ శిబిరంలోనే పడుకుంటూ, రోజూ తన ఇంటి కప్పు మీదుగానే ఎగిరిపోతున్నాడు. ఆ చప్పుడుకు అలమరలోని పింగాణీ కప్పులు కదిలేవి. వాటిని సర్దే నెపంతో వెర్నా కిటికీ దగ్గరికి వెళ్లేది.

"చెయ్యి ఊపొచ్చుగా," అంది పొరుగునే ఉండే ఆడపడుచు ఓపల్.

"ఊపాను వదినా. వాళ్ల కెమెరాకి వేడి తప్ప ఏదీ ఆనదట. పొయ్యి మీంచి దించిన పెనం మాత్రం దీపంలా కనబడుతుందని ఆయనే చెప్పారు."

"అయితే పెనాలే పెట్టు. మా తమ్ముడికి నీ మొహం కన్నా పెనమే బాగా గుర్తు."

చుట్టుపక్కల ఇళ్ల ఇనుప పెనాలన్నీ వచ్చాయి. వదినామరదళ్లు వాటిని మంటలో కాల్చి, ఇంటి వైపు చూపే పెద్ద బాణంలా తడి పచ్చిక మీద అమర్చారు; ముందు ఇంటి దగ్గర మొన, తరువాత కొండ శిఖరం దాకా తోక. హెలికాప్టర్ ఆలస్యంగా వచ్చింది. అప్పటికి మొన చల్లారింది. ఆనకట్ట వైపు సాగిన తోక మాత్రమే వేడిగా మిగిలింది.

శిబిరంలో ఆ కెమెరా బొమ్మ పడే తెర చూస్తున్న లెఫ్టినెంట్ విటేకర్ ఉలిక్కిపడ్డాడు. "ఆనకట్ట వైపు వరసగా మంటలు. ఏంటవి?"

"పెనాలు సార్," అన్నాడు డెల్మర్ రేడియోలో. "మా ఆవిడవి. అది మా ఇల్లే. దిగి కనుక్కోనా?"

"మీ ఇల్లా? అయితే మీరు అస్సలు దిగకూడదు. సొంత ఇల్లు సోదా చెయ్యకూడదని నిబంధన. పైనే ఉండి మాకు కాపలా కాయండి."

ఆనకట్ట మీద సైరన్ మోగింది. విటేకర్‌తో పాటు జవాన్లు లారీల్లో వచ్చి వెర్నా ఇంటి ముందు దిగారు. సైరన్ విని ఊరివాళ్లు తమ పెనాలకేమైందోనని పరుగెత్తుకొచ్చారు. గంజాయి వాసన పట్టే కుక్క తిన్నగా వంటింట్లోకి వెళ్లి రొట్టె ముందు కూర్చుంది. సరుకు దొరికినప్పుడు అలా కూర్చోవాలనే దానికి నేర్పారు.

"ఇదేంటి మేడమ్?" అన్నాడు విటేకర్.

"రొట్టె నాయనా," అంది వెర్నా. "మీరలా అనుమానంగా చూస్తుంటే చల్లారిపోతోంది. తిని తేల్చుకోండి."

తెల్లవారుజాము నుంచి పస్తున్న దళం అంతా కూర్చుని తేల్చుకుంది. విటేకర్ బల్ల చివరి కుర్చీలో కూర్చున్నాడు.

"అది మా తమ్ముడి కుర్చీ," అంది ఓపల్.

"ఆయన పైన క్షేమంగా ఉన్నారు మేడమ్."

అలమరలో కప్పులు కదిలాయి. ఈసారి వెర్నా వాటిని సర్దలేదు. మిగిలిన ఒక్క రొట్టెనూ పెనంతో సహా పెరటి మధ్యకు తీసుకువెళ్లి, నేల మీద ఉంచి, తల పైకెత్తి నిలబడింది.

విటేకర్ భుజానికున్న రేడియో గరగరలాడింది. "పెరట్లో కొత్తగా ఒకటి వెలిగింది సార్."

"ప్రమాదమా?"

"కాదు సార్. అది నాది."

తనకు అందిన సమాచారాన్ని ఉపేక్షించే అలవాటు లేని లెఫ్టినెంట్, పెరట్లోకి వెళ్లి దానిని కూడా ముక్క మిగలకుండా తనిఖీ చేశాడు.