కణుపు దగ్గర తెగింది

భార్య పదిహేను రోజులకని అక్కగారింటికి వెళ్లింది. మధ్యాహ్నంలోగా డాక్టరుగారి కోటు బట్ట కత్తిరించేద్దామనుకుని టైలరుగారు ఆ ఉదయం తీరిగ్గా దుకాణం తెరిచారు. కోటు కన్నా ముందు చిన్న పని ఒకటుంది. మనీప్లాంటు ఆకులు తుడవాలి.

అది అలాంటిలాంటి తీగ కాదు. మూలనున్న కుండీలో బయల్దేరి, అద్దం మీదుగా పాకి, మేకుల్ని పట్టుకుని నాలుగు గోడలూ చుట్టేసింది. ఆరేళ్లలో ఇరవై రెండు అడుగులు. టైలరు టేపుతో కొలిచిన లెక్క కాబట్టి తేడా ఉండదు. "రెండ్రోజులకోసారి చెంబుడు నీళ్లు పోయండి, ఆకులు తడిగుడ్డతో తుడవండి. అంతకు మించి ప్రేమ చూపించకండి, కుళ్లిపోతుంది" అని భార్య వెళ్తూ వెళ్తూ చెప్పింది.

ఆయన స్టూలెక్కి ఒక్కో ఆకునీ పసిపిల్ల మొహం తుడిచినట్టు తుడిచారు. ఆ తుడుపుకు బల్ల పైనున్న మేకు ఊడి, తీగ జారి బల్ల మీద మెలికలుగా పడింది. ఆయన చూసుకోలేదు. కోటు బట్ట తెచ్చి దాని మీదే పరిచారు. ఎత్తుగా తగిలితే మడత కాబోలనుకుని అరచేత్తో అదిమారు. సుద్దగీత వెంట పెద్ద కత్తెర కరకరా నడిచింది. బట్ట ఎత్తి చూస్తే, ఆకులతో సహా మూడు ముక్కలు.

ముక్కల్ని నీళ్లసీసాలో పెట్టి, మొక్కలమ్మే నర్సరీ అతనికి ఫోను చేశారు.

"కత్తెరకి తెగిపోయాయయ్యా. మూడు ముక్కలు. సరిగ్గా కణుపు దగ్గరే. ఆ, నీళ్లలో పెట్టా. మళ్లీ వేళ్లు వస్తాయంటావా? పది రోజుల్లోనా? అమ్మయ్య. మా ఆవిడకి మాత్రం తెలీకూడదు."

కుట్టిన ప్యాంటు తీసుకెళ్దామని వచ్చి, గుమ్మంలో నిలబడి ఇదంతా విన్న మనిషి రిటైరైన మేష్టారు. టైలరు భార్యకు స్వయానా బాబాయి. ఆయన గడప మీదే చతికిలబడ్డారు. అల్లుడికి మూడు వేళ్లు తెగిపోయాయి. పైగా మళ్లీ మొలుస్తాయని మతి తప్పి మాట్లాడుతున్నాడు.

మేష్టారిని చూడగానే టైలరుగారు సీసా పట్టుకున్న చేతిని తువ్వాలుతో చుట్టేశారు. ఆ మామగారి నోట్లో నువ్వుగింజ నానదని ఆయనకు తెలుసు.

"ఏదీ, చూపించు అల్లుడూ."

"చూడకండి మావయ్యా. చూస్తే మీ అమ్మాయికి చెప్పకుండా ఉండలేరు."

"నొప్పిగా ఉందా నాయనా?"

"నొప్పేముంది, భయంగా ఉంది. ఆవిడొచ్చేలోగా వేళ్లు రావాలి."

"రంగు గానీ మారాయా?"

"ఒకటి కాస్త పసుపు తిరిగినట్టుంది."

మేష్టారు ఇంక ఆగలేదు. ఎదురైన ప్రతివాళ్లకీ చెప్పుకుంటూ ఎదురు వరసలోని డాక్టరు దగ్గరికి పరిగెత్తారు. మధ్యలో అమ్మాయికి ఫోను చేసి, "కంగారుపడకమ్మా" అని మొదలుపెట్టారు. దాంతో ఆవిడ కంగారుపడి, మిగతాది సగమే విని, బస్సెక్కేసింది.

డాక్టరుగారు సంచీతో వచ్చి, బల్ల మీద సగం తెగిన తన కోటు బట్టని ఒకసారి దిగులుగా చూసుకుని, అసలు సంగతికొచ్చారు. "నీళ్లలో ఎందుకు పెట్టారండీ? ఐసులో కదా పెట్టాలి."

"ఐసులోనా? చచ్చిపోవూ?"

"నీళ్లలో పెట్టమని ఎవరు చెప్పారు?"

"నర్సరీ అతను."

మేష్టారు వెనక నించుని తన కణత మీద వేలితో తట్టి చూపించారు. డాక్టరు అర్థమైందన్నట్టు తలాడించి, ఒక్క గుంజుతో తువ్వాలు లాగేశారు. లోపల మూడు పచ్చటి కొమ్మలు. ఆయన టైలరు చేతివేళ్లు లెక్కపెట్టారు. నమ్మకం కుదరక మళ్లీ లెక్కపెట్టారు.

"మేష్టారూ, ఈయనన్నది మొక్క వేళ్లండీ."

"తెగాయనీ, వేళ్లు రావాలనీ అంటే ఎవరైనా ఏమనుకుంటారయ్యా?" అన్నారు, నలభై ఏళ్లు పిల్లలకు అర్థాలు చెప్పిన మేష్టారు.

ఆవిడకు మళ్లీ ఫోను చేశారు గానీ, బస్సు రొదలో వినబడలేదు. గంట తిరిగేసరికి దుకాణంలోకి దూసుకొచ్చింది. మొగుడి రెండు చేతులూ పట్టుకుని, పదీ ఉన్నాయని తేల్చుకున్నాక, అప్పుడు గోడల వంక చూసింది.

టైలరుగారు తల దించుకున్నారు. "నువ్వు ప్రాణంగా పెంచుకున్న తీగ. నా చేత్తోనే కోసేశా."

ఆవిడ స్టూలు మీద కూలబడి కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వింది. "ప్రాణమా? వారం వారం అన్ని ఆకులు తుడవలేక నడుం పడిపోతోంది. ఎప్పుడో కోసిపారేద్దును. వచ్చినవాళ్లందరికీ టేపు పెట్టి చూపించి మురిసిపోతారు కదా అని ఊరుకున్నా."

"నేను మురిసిపోవడమా? నీ ముచ్చట కదా అని కొలిచేవాణ్ణి."

ఆరేళ్ల బరువు అంత సులువుగా దిగిపోతుందని ఇద్దరికీ తెలియదు. ఆవిడ ఒక ముక్క డాక్టరుకూ, ఒకటి బాబాయికీ ఇచ్చి, మూడోది కిటికీలో పెట్టింది. కోటు వచ్చే వారం చాలని డాక్టరే అన్నారు. సాయంత్రం బస్సుకు మొగుణ్ణి కూడా వెంటబెట్టుకుని ఆవిడ అక్కగారింటికి తిరిగి బయల్దేరింది.

దుకాణం తలుపుకు తగిలించిన 'నాలుగు రోజులు సెలవు' అట్ట చూసి 'పాపం, మూడు వేళ్లు' అనుకున్నారే గానీ, వీధిలో ఎవరూ కారణం అడగలేదు.