మైకక్కకు సౌలభ్యం కలిగిన విధం

మనిషికి అలవాటైపోయిన ప్రతి వస్తువులోనూ ఒక లోపం ఉంటుందనీ, ఆ లోపం పేరే అలవాటనీ, దాన్ని పీకి పారేయడమే నాగరికత అనీ రైల్వేలోని సౌలభ్య విభాగం వారి మూలసిద్ధాంతం. కుర్చీ ఎక్కడుందో చూసుకోకుండా కూర్చునేవాడు జన్మలో ఎదగడు. కాబట్టి వాడు కూర్చోబోయే క్షణంలో కుర్చీ లాగేయాలి. దీన్నే వాళ్ల భాషలో అప్‌గ్రేడ్ అంటారు.

ఈ అభ్యుదయం ఒక సోమవారం పొద్దున్నే ఓ రైల్వే స్టేషన్‌లో మైకక్క గదిలోకి ప్రవేశించింది. మైకక్క అంటే రైళ్ల రాకపోకలు మైకులో చెప్పే ఆవిడ. అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఎవరికీ తెలీదు. ఆవిడ గొంతు విని గడియారం సరిచేసుకునేవాళ్లున్నారు. ఆవిడకి జలుబు చేస్తే ఆ పూట రైళ్లన్నీ ఆలస్యమేనని ఇంటికెళ్లి పడుకునేవాళ్లూ ఉన్నారు.

పాత కంప్యూటరుతో ఆవిడ కాపురం సవ్యంగానే సాగింది. తెర మీద కింద ఎడం మూల పసుప్పచ్చ గంట బొమ్మ ఉండేది. దాన్ని నొక్కితే మైకు తెరుచుకునేది. ఒక చేత్తో టీ గ్లాసు పట్టుకుని, కిటికీలోంచి పట్టాల వంక చూస్తూనే, రెండో చేత్తో నొక్కేసేది. ఇంత సులువుగా పని జరిగిపోవడం సౌలభ్య విభాగం దృష్టిలో పడకుండా ఎంతకాలం ఉంటుంది?

సోమవారం కంప్యూటరు తెరవగానే, "హాయ్! మీ కోసం అంతా మార్చేశాం!" అంది. నిజమే, మార్చేశారు. మూలనుండేవన్నీ మధ్యకొచ్చాయి. తెర మీది కిటికీల మూలలన్నీ గుండ్రంగా అరగదీశారు (పాత మూలలు గుచ్చుకుని గాయపడినవారి వివరాలు ఇంతవరకూ వెల్లడించలేదు). బొమ్మల కింద పేర్లు తీసేశారు. గంట మాయం.

వెతికే చోట "ప్రకటనలు" అని కొట్టింది మైకక్క. తెరంతా ప్రకటనలే. పరుపులు, పళ్లపొడి, బట్టతల నూనె. "మీకు ప్రకటనలంటే ఇష్టమని గుర్తించాం. రోజూ పంపుతాం" అంది కంప్యూటరు. అన్నమాట నిలబెట్టుకుంది కూడా.

మధ్యాహ్నానికి సౌలభ్యాధికారి వచ్చాడు. మెడలో కార్డు, మొహాన చిరునవ్వు. రెండూ విభాగం వాళ్లిచ్చినవే.

"గంట ఏదండీ?" అడిగింది మైకక్క.

"గంట అనే భావనే తీసేశామమ్మా. ఇప్పుడదొక అనుభవం."

"ఆ అనుభవాన్ని ఎక్కడ నొక్కాలి?"

"మీరు నొక్కడమేంటమ్మా! మీ అవసరం అదే కనిపెడుతుంది. కొన్నాళ్లు దాంతో కలిసిమెలిసి ఉండండి."

"కొత్త కోడలితో ఉన్నట్టా?"

"కొత్త అత్తగారితో ఉన్నట్టు," అన్నాడాయన. (ఆ విభాగం నుంచి వెలువడిన మొత్తం సమాచారంలో కచ్చితమైన మాట ఇదొక్కటే.)

పోతూ పోతూ గోడకి ఒక ఉత్తర్వు అంటించి పోయాడు. 'పాతదే బాగుండేది' అనే వాక్యం పనివేళల్లో పలకరాదు. నిట్టూర్పులు విడవదలచినవారు 'అభిప్రాయాలు' అనే బొత్తాం ద్వారా మాత్రమే విడవాలి. ఆ బొత్తాం ఎక్కడుందో తర్వాతి వెర్షన్‌లో తెలియజేయబడును.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఇక్కడ ఊడినదాన్ని వెతుక్కోవడం కూడా ఉద్యోగంలో భాగమైంది. మధ్య బొత్తాం నొక్కితే 'అన్నీ' వస్తుంది. దాంట్లో 'మరిన్ని', దాంట్లో 'ఇంకా మరిన్ని'. ఆ అడుగున సగం కోసిన జామకాయ లాంటి బొమ్మ. అదీ మైకు. అక్కడిదాకా చేరేసరికి రైలు వచ్చి వెళ్లిపోయేది. "వచ్చుచున్నది" అని మొదలెట్టి, కిటికీలోంచి చూసి, "వెళ్లిపోయినది" అని ముగించాల్సి వచ్చేది. "ఈవిడ రైళ్ల సంగతి చెప్పడం మానేసి చరిత్ర చెబుతోందిరా" అని కూలీలు నవ్వుకున్నారు. మైకక్కకి తల కొట్టేసినట్టయింది.

గురువారం ఆవిడ పెద్దమ్మ స్టేషన్‌కొచ్చింది. కన్నతల్లి పోయాక పెంచిన తల్లి. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరిపోయాయి. ఎంతో కాలం తిరగ్గా పట్నంలో పెద్దాసుపత్రి వాళ్లు మర్నాటికి ఆపరేషన్ ఖాయం చేశారు. ఈ రైలు తప్పితే మళ్లీ వరస మొదటికొస్తుంది. అవతల రైలు దిగితే కొడుకొచ్చి తీసుకెళ్తాడు. ఎక్కడమే సమస్య.

ఒకటో నంబరు ప్లాట్‌ఫారం బెంచీ మీద ఆవిణ్ణి కూర్చోబెట్టి, "ఎవర్నైనా తోడుంచనా పెద్దమ్మా?" అంది మైకక్క.

"ఎందుకే? నీ గొంతు ఉండగా నాకింకో తోడు దేనికి? నువ్వు ఎటు పొమ్మంటే అటు పోతా."

ఆ మాట మైకక్క గుండెలో గుడ్డిదీపంలా పెట్టుకుని గదిలోకొచ్చి కూర్చుంది. కూర్చోగానే స్టేషన్ మాస్టరు ఫోను.

"మైకక్కా! ఒకటో లైన్లో గూడ్సు ఆగిపోయింది. మన బండి నాలుగో నంబరుకి తీసుకుంటున్నాం. వెంటనే చెప్పు. జనమంతా ఒకటి మీదే ఉన్నారు!"

అన్నీ, మరిన్ని, ఇంకా మరిన్ని. ఆవిడ వేళ్లు అప్పటికి ఆ దారి నేర్చేసుకున్నాయి. జామకాయ లేదు. "మీరు దీన్ని తరచుగా వాడుతున్నట్టు గమనించి మరింత అనువైన చోటికి తరలించాం" అని రాసుంది. ఎక్కడికో రాయలేదు.

చచ్చీ చెడీ పట్టుకుంది. నొక్కింది.

"పనివేళల్లో మీరు అతిగా మాట్లాడుతున్నట్టు గమనించాం. మీ ఆరోగ్యం దృష్ట్యా ప్రశాంతత మొదలైంది."

మైకు చచ్చిపోయింది. వద్దని చెప్పడానికి చూస్తే రెండే బొత్తాలు. ఒకటి 'అలాగే', రెండోది 'కాసేపాగి అలాగే'. ఏది నొక్కినా మూడు మొహాలొచ్చి, మీ అనుభవం ఎలా ఉందని అడుగుతున్నాయి. మూడూ నవ్వు మొహాలే.

దూరంగా రైలు కూత.

మైకక్క లేచింది. చెప్పులు ఎక్కడ ఊడాయో తెలీదు. మెట్లెక్కి వంతెన మధ్యకి పరిగెత్తి, కమ్మీ పట్టుకుని, పొట్టలోంచి అరిచింది.

"నాలుగో నంబరూ! బండి నాలుగుకొస్తోంది! అందరూ నాలుగుకి నడవండి!"

తలలన్నీ ఒక్కసారి పైకి లేచాయి. మరుక్షణం పెట్టెలూ సంచులూ పిల్లలూ చీమలబారులా వంతెనెక్కారు.

పెద్దమ్మ ఆ తొక్కిసలాటలో గోడ తడుముకుంటూ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయింది. మైకక్క జనానికి ఎదురీది దిగి, నడుం చుట్టూ చెయ్యేసి, సగం నడిపించి సగం మోసి అవతలికి దించింది. వాళ్లని చూసి గార్డు పచ్చజెండా వెనక్కి దాచి, ఏమీ ఎరగనట్టు ఆకాశం వైపు చూశాడు. పెద్దమ్మ ఎక్కింది.

కిటికీ దగ్గర కూర్చుని, "ఇవాళ నీ గొంతు బావుందే. రోజూ డబ్బాలోంచి వచ్చినట్టుండేది," అంది.

రైలు కదిలాక మైకక్క అక్కడే మెట్ల మీద కూలబడింది. ఏడుపొస్తుందనుకుంది, కోపమొచ్చింది. గదికి తిరిగొస్తే తెర మీద, "చాలాసేపు ప్రశాంతంగా గడిపారు. అభినందనలు!" అని రంగుకాగితాలు రాలుతున్నాయి.

వారం తిరక్కుండా సౌలభ్యాధికారి ప్రయాణికుల్ని విచారించాడు. గురువారం నాటి ప్రకటన స్పష్టంగా వినిపించిందా అని అడిగితే, జన్మలో అంత స్పష్టంగా వినలేదన్నారు అందరూ. కొత్త వ్యవస్థ వల్ల స్పష్టత గణనీయంగా మెరుగుపడిందని ఆయన పైకి నివేదించాడు.

"అది కంప్యూటరు కాదండీ. నేను వంతెనెక్కి అరిచాను," అంది మైకక్క.

"అదేనమ్మా నేను చెప్పేది. పాతదే ఉండుంటే మీరు అరిచేవారా? మీలో దాగున్న శక్తిని అది బయటికి తెచ్చింది."

ఆ శక్తి వృథా కాకూడదని ఆవిణ్ణి శాశ్వతంగా వంతెన మీదికి బదిలీ చేస్తూ ఉత్తర్వు వచ్చింది.

"మరి గదిలో ఎవరుంటారండీ?" అడిగాడు స్టేషన్ మాస్టరు, మైకక్క వంక చూడలేక గోడ వంక చూస్తూ.

"కంప్యూటరు ఉంటుంది. దాన్నెవరూ కదిలించకండి. ఎదుగుతోంది."

ఇప్పుడు మైకక్క ఒక చేత్తో గొడుగు పట్టుకుని, మిట్టమధ్యాహ్నం వంతెన మీద నిలబడి రైళ్ల పేర్లు అరుస్తోంది. కింద ఆ గదికి తాళం వేసుంటుంది. ఏసీ మాత్రం ఆపరు. కంప్యూటరుకి ఎండ పడదట.