బండగుంపు వంతెనకు కట్టిన రిబ్బను

పెద్దమోదుగు మండల ప్రజలకు తెలియజేయడమేమనగా, బండగుంపు వాగు మీద వంతెన నిర్మాణం పూర్తయింది. కావున దాని మీద ఎవరూ నడవరాదు.

ఈ ప్రకటనలో అర్థం కానిదేమీ లేదని పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. వంతెన పూర్తి కాకముందు దాని మీద కూలీలు నడిచారు, మేస్త్రీలు నడిచారు, సిమెంటు లారీ కూడా నడిచింది. పూర్తయ్యాక మాత్రం ప్రారంభోత్సవం జరగాలి. దానికి ముఖ్య అతిథి గారు రావాలి. ఆయన వచ్చేదాకా వంతెనకు ఈ చివర ఛాతీ ఎత్తున ఒక ఎర్ర శాటిన్ రిబ్బను అడ్డంగా కట్టి ఉంటుంది. ఆ రిబ్బను కట్టిన ఘనత మండల కార్యాలయం అటెండరు మంగయ్యది.

టేకులపల్లి దాటాక అడవి మొదలయ్యే ఆ ప్రాంతమంతటా మంగయ్య ముడికి పేరుంది. నాలుగు రెక్కలు, నడుమ గులాబీ మొగ్గ, కింద రెండు తోకలు. ఇరవై ఏళ్ళుగా ఎవరు ఏది ప్రారంభించినా రిబ్బను కట్టింది అతనే, పళ్ళెంలో కత్తెర పెట్టి అందించింది అతనే. ఈ విద్య అతను ఏ బళ్ళోనూ నేర్చుకోలేదు. భార్య బతుకమ్మ తెల్లవారకముందే మిరప తోటలకు కూలికి పోయేది కాబట్టి, బడికి పోయే కూతురు శ్రీదేవికి రెండు జడలు వేసి రిబ్బన్లు కట్టే పని తండ్రి మీద పడింది. పిల్ల సాయంత్రం దాకా ఎంత గెంతినా ఆ ముడి జారేది కాదు.

ఆ శ్రీదేవిని వాగు అవతల బండగుంపులోనే ఇచ్చాడు. ఇప్పుడామెకు నెలలు నిండుతున్నాయి. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి కాబట్టి ఏడో నెలలోనే తీసుకురావలసింది. కానీ, పిల్లను నీళ్ళలో దిగనియ్యను, నేను రిబ్బను కట్టిన వంతెన మీద నుంచే నడిపించి తీసుకొస్తానని మంగయ్య పట్టుబట్టాడు. ముఖ్య అతిథి గారు వచ్చే సోమవారం వస్తున్నారన్నారు. ఆ సోమవారం వచ్చి పోయింది. తర్వాత ఆయనకు జలుబు చేసింది. తర్వాత శిలాఫలకం మీద ఆయన పేరు పక్కవారి పేరుకన్నా చిన్నదిగా ఉన్నట్టు తేలింది. అది మళ్ళీ చెక్కేసరికి ఆషాఢం వచ్చింది, అది మంచిది కాదన్నారు. శ్రీదేవికి తొమ్మిదో నెల వచ్చింది.

ఈలోగా కొందరికి ఒక సందేహం వచ్చింది. రిబ్బను కింద వంగి పోతే ఏమవుతుందని. పక్క తండా బిచ్యా ఈ సందేహాన్ని ఇప్పపువ్వు బస్తాతో సహా ఆచరణలో పెట్టాడు. వెంటనే మండల అధికారి గారు జీపులో వచ్చి, అది ప్రారంభం కాని వంతెనను ప్రారంభించినట్టేనని వివరించి, జరిగిన దాటును రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. దాటిన వైపు నుంచే దాటని వైపుకు, బస్తా నెత్తినే ఉంచి, బిచ్యాను వెనక్కి వెనక్కి నడిపించారు. ఆ దృశ్యం చూసిన వారెవరికీ మళ్ళీ సందేహం రాలేదు. గేదెలు మాత్రం రోజూ తలలు వంచి రిబ్బను కింద నుంచి వెళ్ళి వస్తున్నాయి. వాటికి ఓటు లేదు కాబట్టి అభ్యంతరం లేదు.

ఎండకు రిబ్బను వెలుస్తుంది, వానకు నానుతుంది, ఒకసారి మేకలు తిన్నాయి కూడా. అందుకని ప్రతి సోమవారం మంగయ్య పాతది విప్పి కొత్తది కడతాడు. విప్పిన రిబ్బన్లు కార్యాలయంలో గుట్టలుగా పెరిగాయి. పారేయడానికి వీల్లేదు, అవి ముఖ్య అతిథి గారి చేతికి చేరవలసిన రిబ్బన్లు. వాటిని ఏం చెయ్యాలన్న దాని మీద రెండు సమావేశాలు జరిగి, చివరికి ఖమ్మం నుంచి రాజ్యశ్రీ అనే శిక్షకురాలిని పిలిపించారు. వాగు ఒడ్డున టెంటు వేశారు. మహిళలకు అలంకరణ రిబ్బన్ల మీద తొంభై రోజుల శిక్షణ మొదలైంది. బండగుంపు ఆడవాళ్ళు ప్రతి ఉదయం చీరలు మోకాళ్ళ పైకి దోపుకొని, వంతెన పక్కనే వాగు దాటి వచ్చి, వంతెనకు ఎదురుగా కూర్చొని పువ్వులు చెయ్యడం నేర్చుకున్నారు.

రాజ్యశ్రీ మంచి మనిషి, పని తెలిసిన మనిషి. మొదటి వారం గులాబీలు, రెండో వారం సీతాకోకచిలుకలు, మూడో వారం తలగడల అంచులు, నాలుగో వారం గుమ్మానికి తోరణాలు నేర్పింది. తలగడలు లేని ఇళ్ళకు అంచులు మాత్రం చేరాయి. ఉత్పత్తి ఎక్కువై పోయేసరికి మండలాన్ని అలంకరించమని ఉత్తర్వు వచ్చింది. నీళ్ళు రాని చేతిపంపుకు పెద్ద రెక్కల ముడి కట్టారు. కరెంటు కలపని ట్రాన్స్‌ఫార్మరుకు సీతాకోకచిలుకలు తగిలించారు. మూడేళ్ళుగా తెరవని ఆరోగ్య ఉపకేంద్రం తాళానికి జంట గులాబీలు వేశారు. ఏది లేకపోతే అక్కడ ఒక పువ్వు పడింది. ఫొటోలు వాట్సాప్ గ్రూపులో పెట్టగానే పై అధికారులు చప్పట్లు పంపారు. నిజం చెప్పాలంటే తాళం అంతకు ముందెన్నడూ అంత అందంగా లేదు.

ఆ తర్వాత జడల అల్లిక పాఠం నడుస్తుండగా ముసురు పట్టింది. మూడు రోజులు వదలకుండా కురిసి వాగు రొమ్ముల లోతుకు వచ్చింది. నాలుగో రోజు సోమవారం. మంగయ్య కొత్త రిబ్బను చుట్ట చంకలో, కత్తెర చొక్కా జేబులో పెట్టుకొని వంతెన దగ్గరికి వచ్చేసరికి అవతలి గట్టున నులక మంచం కనబడింది. మంచం మీద శ్రీదేవి ఉంది. నొప్పులు తెల్లవారుజామునే మొదలయ్యాయి. ఈ గట్టున అంబులెన్సు వచ్చి ఆగింది. రెండింటికీ నడుమ వంతెన ఉంది, వంతెనకు రిబ్బను ఉంది.

మంగయ్య అధికారి గారికి ఫోను చేశాడు.

"మంగయ్యా, మానవత్వంతో ఆలోచిస్తే నాకూ కన్నీళ్ళొస్తున్నయ్," అన్నారు అధికారి గారు. "కానీ ఆ రిబ్బను ముఖ్య అతిథి గారిది. మనం సంరక్షకులం మాత్రమే. విన్నపం రాసి పెట్టు, ఫైలు నడిపిద్దాం."

మంగయ్య చెయ్యి జేబులోకి పోయింది, వేళ్ళు కత్తెరను తాకాయి, మళ్ళీ బయటికి వచ్చాయి. చుట్టలోంచి మూరెడు కొయ్యడం వేరు, కట్టిన రిబ్బను కొయ్యడం వేరు. ఇరవై ఏళ్ళలో ఆ చెయ్యి కత్తెరను ఎన్నోసార్లు అందించింది గాని, కట్టిన రిబ్బను మీద ఒక్కసారీ పెట్టలేదు. పోనీ కింద వంగి తీసుకురమ్మందామని అవతల ఉన్న బిచ్యాకు ఫోను చేస్తే, బిచ్యా అనుభవజ్ఞుడు కాబట్టి ఒప్పుకోలేదు.

"రద్దు చేసి మళ్ళ ఎనుకకు నడిపిస్తే ఏం జేస్తం మంగన్నా? నొప్పుల మీదున్న పిల్లను ఎనుకకు ఎట్ల నడిపిస్తం?"

ఈ మాటలో న్యాయముందని అందరికీ తోచింది. అప్పుడు రాజ్యశ్రీ టెంటులోంచి, శిక్షణలో అల్లిన జడలను తెచ్చింది. మణికట్టంత లావు, ఎరుపూ పసుపూ కలిసిన శాటిన్ జడలు. ముసురుకు ఈ గట్టునే చిక్కుకుపోయిన ఆడవాళ్ళంతా కూర్చొని వాటిని ఒకదానితో ఒకటి కలిపి అల్లుతుంటే, ప్రతి అతుకునూ మంగయ్య తన ముడితో బిగించాడు. తాడు కొనను ఒక గేదె కొమ్ముకు కట్టి వంతెన మీదుగా అవతలికి తోలారు. ఆ వంతెన మీద నడిచే అర్హత దానికే ఉంది కదా. బిచ్యా కొన అందుకొని, తాడును వంతెన పక్కన నీళ్ళ మీదికి జార్చి, మద్దిచెట్టుకు చుట్టాడు. రెండో కొనను ఈ గట్టున ఇంకో చెట్టుకు కట్టారు. నలుగురు మనుషులు మంచాన్ని భుజాల మీదికి ఎత్తుకొని, రిబ్బను తాడు పట్టుకొని, వంతెన నీడలో వాగులోకి దిగారు. నడుమలో ఒకడి కాలు జారి మంచం ఒక పక్కకు ఒరిగింది. మంగయ్య కళ్ళు మూసుకున్నాడు. అన్ని ముళ్ళూ నిలిచాయి. భద్రాచలం చేరే లోపే అంబులెన్సులో ఆడపిల్ల పుట్టింది.

రిబ్బను కళ ప్రాణాలు నిలిపిందన్న వార్త పైదాకా పోయింది. వంతెనకు రాలేకపోయిన ముఖ్య అతిథి గారు తాడును చూడటానికి పరుగున వస్తానన్నారు. అధికారి గారు తాడును అక్కడే ఉంచి, ఆయన వచ్చేలోగా దానికి నాలుగు వందల గులాబీలు, అన్నే సీతాకోకచిలుకలు కుట్టించారు. పక్కనే వంతెన మీద వెలిసిపోయిన రిబ్బను ఎవరి కంటా ఆనలేదు. అతిథి గారు కారు దిగి, అంత వైభవంగా ఉన్న తాడును చూసి, నేరుగా దాని దగ్గరికే నడిచి చెయ్యి చాపారు. మంగయ్య పళ్ళెం పట్టుకొని నోరు తెరిచాడు. అధికారి గారు అతని వైపు చూశారు. మంగయ్య నోరు మూశాడు.

జడ లావుగా ఉండటం వల్ల పదకొండు సార్లు కొయ్యవలసి వచ్చింది. ప్రతి కోతకూ జనం చప్పట్లు కొట్టారు. తాడు తెగి, అవతల మద్దిచెట్టు చుట్టు కూడా ఊడి, గులాబీలతో సహా గోదారి వైపు కొట్టుకుపోయింది.

"ఎన్నో తరాలుగా ఎదురుచూస్తున్న ఈ వాగును ఇవాళ్టి నుంచి ప్రజలకు అంకితం చేస్తున్నాను," అన్నారు ముఖ్య అతిథి గారు. "ఇక మీరు నిర్భయంగా దిగవచ్చు."

ఆయన పర్ణశాలలో భోజనానికి వెళ్ళిపోయాక జనం నిజంగానే ఉత్సాహంగా వాగులోకి దిగారు. ఇంతకాలం అనుమతి లేకుండా దిగుతున్నామన్న వెలితి ఆ రోజుతో తీరింది. గట్టు మీద మిగిలింది మంగయ్య, బాలెంత శ్రీదేవి, ఆమె భుజాన నెల నిండిన పిల్ల. అత్తగారింటికి పోవడానికి ఆమె మూట సర్దుకొని వచ్చింది. అందరూ దిగిన వైపు కాసేపు చూసి, తండ్రి చేతిలోని పళ్ళెం వైపు చూసింది.

"నాయినా, నేను మంచం మీదున్న నాడు గూడ గీ కత్తెర నీ జేబుల్నే ఉండె గదా," అంది.

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే మంగయ్య ఏదో ఒకటి చెప్పేవాడు. సిగ్గుతో అతని ముఖం నల్లబడింది. పళ్ళెం కింద పెట్టి, కత్తెర తీసుకొని వంతెన దగ్గరికి పోయి, తను కట్టిన ముడిని ఒకసారి తడిమి, రిబ్బను కోసేశాడు. చప్పట్లు లేవు. "పా బిడ్డా," అని మనవరాలిని ఎత్తుకొని ముందు నడిచాడు. ముగ్గురూ పొడి పాదాలతో అవతలికి చేరారు.

వాగులో రొమ్ముల లోతున నిలబడి ఊరంతా ఇది చూసింది. రిబ్బను తెగింది, దారి తెరుచుకుంది, అయినా ఒక్కరూ గట్టెక్కలేదు. అటెండరు కోసిన వంతెన మీద మర్యాదస్తులు ఎలా నడుస్తారు? ఆ సాయంత్రమే ఫిర్యాదు రాశారు. రాసింది అధికారులు కాదు, ఊరివాళ్ళే. నూట ఇరవై సంతకాలున్నాయి. మొదటి సంతకం బిచ్యాది. తనను వెనక్కి నడిపించినప్పుడు వాళ్ళను మాత్రం ఎందుకు నడిపించరన్నది అతని న్యాయమైన ప్రశ్న.

అధికారి గారు స్పందించి మంగయ్యకు సస్పెన్షను, ముగ్గురి దాటుకూ రద్దు మంజూరు చేశారు. పాపను కూడా వెనక్కి నడిపించాలని, ఇంకా నడక రాలేదు కాబట్టి వచ్చేదాకా గడువు ఇస్తున్నామని అందులో ఉంది. ఆ కాగితం తడవకుండా అవతలికి చేరాలంటే ఎవరో ఒకరు వంతెన మీద నడవాలి, నడిచే అనుమతి లేదు. అందువల్ల అది ఇంకా ఈ గట్టునే ఉంది. మంగయ్య బండగుంపులోనే ఉండి, రోజూ మనవరాలిని చంకనేసుకొని వంతెన మీద అటూ ఇటూ తిప్పుతున్నాడు.

వంతెనకు మళ్ళీ రిబ్బను కట్టారు. కొత్త అటెండరు వచ్చాడు. ప్రతి సోమవారం మార్చడం యథావిధిగా సాగుతోంది. ఊరివాళ్ళు చీరలూ పంచెలూ ఎగగట్టుకొని, పిల్లలను భుజాల మీద పెట్టుకొని వాగు దాటుతూ, తల ఎత్తి ఆ రిబ్బను వైపు చూస్తారు. వారికి ఒకటే అసంతృప్తి ఉంది. ఎంతైనా మంగయ్య కట్టినట్టు ముడి కుదరడం లేదని, దీని మీద పై వాళ్ళు వెంటనే చర్య తీసుకోవాలని మరో విన్నపం తయారవుతోంది. చదివిన మీరు కూడా కింద సంతకం చెయ్యవచ్చు.