పిల్లుల నిమిత్తం చేపలు

ఏనుగుకోన జలాశయంలోని నీళ్లు పెరటాసి నెల ముగిసేవరకు పరమ పవిత్రమైనవిగా ప్రకటించడమైనది. కావున ఈ నెలలో అందులో వల వేయడం, గాలం వేయడం, చేపల వైపు దురుద్దేశంతో చూడడం నిషిద్ధం.

ఈ ప్రకటన ఆటోకు కట్టిన మైకులో వినబడేసరికి చెంగమ్మ గట్టు మీద కూర్చుని వల చిరుగులు కుట్టుకుంటోంది. మిగిలిన నెలల్లో ఆ నీళ్లు ఎలాంటివో మైకు చెప్పలేదు. అందులో ట్రాక్టర్లు కడిగేవాళ్లకు నిషేధమేమీ లేదు కాబట్టి, పవిత్రతకు అడ్డం వచ్చేది చేప ఒక్కటేనని ఆమె గ్రహించింది.

వెంకన్న పేరున నీచు మానే పెరటాసి శనివారాలు ఆ ఊరికి కొత్తేమీ కాదు. వ్రతం పట్టేవాళ్లు నెలంతా పట్టేవాళ్లు, పట్టనివాళ్లు చేపల పులుసు కాచుకునేవాళ్లు. ఈ ఏడు దామోదరం గారు పవిత్ర జల పరిరక్షణ సంఘం పెట్టి, దానికి తానే అధ్యక్షుడై, ఒక లోపాన్ని కనిపెట్టారు. ఎవరి నిష్ఠ వాళ్లింట్లో ఉంటే బయటివాళ్లకు కనబడదు. కనబడని నిష్ఠతో ఊరికి పేరు రాదు.

"శ్రీ సిటీ ఫ్యాక్టరీల్లో మనుషులకే వారానికొక సెలవు ఉండాది. మన చేపలు ఏం పాపం చేసినాయప్పా? వాటికి నెల దినాలు సెలవిస్తే ఏం పోతాది?" అని ఆయన సభలో అడిగారు. చప్పట్లు మోగాయి. సెలవు వల్ల పోయేది చెంగమ్మ కూడు కాబట్టి ఆ ప్రశ్నకు జవాబు ఎవరూ చెప్పలేదు.

చెంగమ్మకు గుంట భూమి లేదు. మొగుడు మునెయ్య పోయాక అతని చేపల లైసెన్సు ఆమె పేరు మీదికి వచ్చింది. ఆమెకున్న ఆస్తి అదీ, నీళ్ల మీద తిరిగే ఒక పుట్టీ. ఆ పుట్టిని సంఘంవారు సగౌరవంగా తీసుకుపోయి పంచాయతీ ఆఫీసు కిటికీ ఊచకు గొలుసేసి కట్టారు. కట్టుబాటు దాటితే లైసెన్సు రద్దవుతుందన్నారు. భూమి ఉన్నవాళ్లకు అది వ్రతం, చెంగమ్మకు పస్తు. రెండూ ఉపవాసాలే గనుక ఊరంతా సమానంగా పాటించినట్టే.

వారం తిరగకముందే దామోదరం గారి భార్య చంద్రకాంతమ్మ పెరటి దారిన వచ్చింది.

"చెంగమ్మా, మా పిల్లి అన్నం ముట్టడం లేదే. రెండు చేపలు చూడు, పుణ్యముంటాది."

"మీ ఇంట్లో పిల్లి ఎప్పుడొచ్చిందమ్మా?"

"నిన్ననే వచ్చినాది. ముక్కలు కొంచెం పెద్దవిగా కొయ్యి. ముల్లు గుచ్చుకుంటే దానికి పొలమారతాది."

"పుట్టికి మీ ఆయనే గదమ్మా గొలుసేసింది!"

మర్నాడే సంఘం అత్యవసరంగా సమావేశమైంది. మూగజీవాలకు వ్రతం వర్తించదని, పిల్లుల నిమిత్తం చేపలు పట్టవచ్చని తీర్మానించింది. కొనేవారు పిల్లిని వెంట తేవాలి. యజమాని లేని పిల్లికి చేప ఇవ్వరాదు. మనుషులు తినడానికి అమ్మినట్టు తేలితే లైసెన్సు రద్దు. పుట్టి గొలుసు విప్పారు.

ఊళ్లో నిజంగా ఉన్నది ఒకే పిల్లి. టీ అంగడి వెనక తిరిగే బూడిద రంగుది. తెల్లారేసరికి చెంగమ్మ గంప ముందర వరుస గట్టు మలుపు దాకా సాగింది. ముందున్నావిడ పిల్లిని చూపించి, చేప తీసుకుని, పిల్లిని వెనక్కి అందించేది.

"ఏమ్మే, సంకన పెట్టుకోని మాటలేంది? ఇట్ల ఇయ్యి పిల్లిని!"

"ఉండక్కా, నా జిలేబీ చేపలు ఇంకా తూకంలో ఉండాయి!"

ఆ నెలలో ఆ ఊరి పిల్లులు చింతపండు, మెంతిపొడి వేసిన పులుసునే కోరాయి. కొన్ని సంగటి ముద్ద కూడా అడిగాయని వినికిడి. సాక్ష్యం మిగలకూడదని తలా తోకా ముల్లూ గుంత తీసి పూడ్చారు. మామూలు నెలల్లో బూడిద పిల్లి వంతుకు వచ్చేవి అవే. వరుస అయ్యాక అది గంప దగ్గరే కూర్చుని చెంగమ్మ మొహంలోకి చూసేది. యజమాని లేని పిల్లి. చెంగమ్మ లైసెన్సును తలుచుకుని మొహం తిప్పుకునేది.

ఇలా ఉండగా చేపల ఆఫీసరు శ్రీరంజని తనిఖీకి వచ్చింది. అంతా విని, సంకలు మారి మారి వస్తున్న పిల్లిని చూసింది.

"ఇన్ని చేపలు తిన్న పిల్లి ఇదేనా? పక్కటెముకలు బయటికొచ్చినాయే! చెంగమ్మా, నిజం చెప్పు. తినేది ఎవరు?"

నిజం చెబితే లైసెన్సు పోతుంది. అబద్ధం చెబుదామంటే పిల్లి కళ్ల ముందరే ఉంది.

"పిల్లి వాళ్ల చేతుల్లో ఉండేది సూసినాను మేడం. వాళ్ల కడుపుల్లోకి నేను యాడ తొంగి సూసేది?" అంది చెంగమ్మ.

దామోదరం గారు కండువా సర్దుకుని ముందుకొచ్చారు. "మేడం, ఇది సామాన్యమైన పిల్లి గాదు. మా ఊరి గాలి పీల్చి పీల్చి పెరటాసి పట్టినాది. చేప ముందర పెట్టినా ముట్టదు. అందుకే చిక్కినాది. ఇట్లాంటి పిల్లి జిల్లాలో యాడన్నా ఉండాదా?" చప్పట్లు మోగాయి. చంద్రకాంతమ్మ పిల్లికి దండం కూడా పెట్టింది.

శ్రీరంజని గంపలోంచి ఒక జిలేబీ చేప తీసి నేల మీద పెట్టింది. ఆ పుణ్యజీవి చంద్రకాంతమ్మ చేతిని రక్కి కిందికి దూకి, తోకతో సహా నమిలి మింగింది.

"చేపలను పిల్లి తినడం స్వయంగా చూడడమైనది. లైసెన్సు కొనసాగించవచ్చు" అని శ్రీరంజని రాసుకుంది. పోతూ పోతూ చెంగమ్మ దగ్గర వంగి, "ఆ పెద్ద కట్ల చేప ఒకటి కోసియ్యి. మా ఇంట్లో గూడా పిల్లి ఉండాది" అంది. చెంగమ్మ ముక్కలు కాస్త పెద్దవిగానే కోసింది.

సాయంత్రం సంఘం మళ్లీ సమావేశమైంది. పవిత్ర మాసంలో, అందరి ఎదుట, సిగ్గు లేకుండా చేప తిన్నందుకు పిల్లిని ఊరినుంచి బహిష్కరించారు. దాన్ని అవతలి గట్టున దింపిరావడం చెంగమ్మ వంతైంది. పుట్టి నీళ్ల నడుమకు చేరాక ఆమె తెడ్డు పక్కన పెట్టి, వల వేసి, పడిన చేపల్లో బాగా బలిసినదాన్ని ఏరి పిల్లి ముందర వేసింది. "తిను నాయనా, ఈడ సంఘం లేదు" అంది.

మర్నాడు వరుస ఎప్పటిలాగే నిలబడింది. చేతులు మాత్రం ఖాళీ.

"పిల్లులు యాడమ్మా?" అని చెంగమ్మ అడిగింది.

"ఇంట్లో పండుకోనుండాయి" అన్నారు అందరూ.

ఆ నెలంతటిలో సంఘం తీర్మానాన్ని అక్షరాలా అమలు చేసింది ఆ బూడిద పిల్లి ఒక్కటే. శిక్ష పడిందీ దానికొక్కదానికే. ఇది అన్యాయమని తోచిన పాఠకులు, ఆవేశపడే ముందు, తమ ఇంటి పిల్లి పేరున వస్తున్నవి ఎవరి పళ్లెంలోకి పోతున్నాయో ఒకసారి వంటింట్లోకి తొంగి చూసుకోగలరు.