తెప్పల మీద పాలకూర

ఆకు కాస్త పసుపు పచ్చగా కనిపిస్తే మిర్చి రైతు చెయ్యి ఊరుకోదు. నరసరావుపేట బ్రహ్మయ్య చెయ్యి ముప్పై ఏళ్ళుగా ఊరుకోలేదు. మొక్క వాడిందా, గుప్పెడు యూరియా. పురుగు కనిపించిందా, ఒక ట్యాంకు మందు. పురుగు కనిపించలేదా, ఎక్కడో దాక్కుని ఉంటుందని ఇంకో ట్యాంకు.

అలాంటి మనిషికి పోయినేడు గుండెపోటు వచ్చింది. వీధిలోనే కూలబడిపోతే, ఎదురింటి బషీరున్నీసా రోడ్డుకి అడ్డంగా నిలబడి ఆటో ఆపి ఆసుపత్రికి చేర్చింది. భార్య అలివేలమ్మ మూడు నెలలు మంచం పక్కనే ఉండి సాకింది. డాక్టరేమో మందు కొట్టని ఆకుకూరలు తినమన్నాడు. మందు కొట్టకపోతే ఆకుకూర ఎలా వస్తుందో బ్రహ్మయ్యకి బొత్తిగా అర్థం కాలేదు.

మొత్తానికి పొలం కౌలుకిచ్చేసి, డాబా మీద కొత్త సేద్యం మొదలుపెట్టాడు. ఒక మూల సిమెంటు తొట్టి, అందులో ముప్పై చేపలు. పక్కన టార్పాలిన్ పరిచిన పొడుగాటి మడి, నిండా నీళ్ళు. నీళ్ళ మీద థర్మకోల్ తెప్పలు, తెప్పలకి చేసిన బెజ్జాల్లో పాలకూర మొక్కలు, వేళ్ళు నీళ్ళలోకి. చేపల తొట్టిలో నీళ్ళని మోటారు మడిలోకి తోడుతుంది. అందులో కలిసిన చేపల వ్యర్థాల్లోని సారం మొక్కలు తాగేసి, శుభ్రమైన నీళ్ళని మళ్ళీ చేపలకి పంపిస్తాయి. మట్టి లేదు, కలుపు లేదు. కూలీలతో పేచీ అసలే లేదు.

ఇదంతా బిగించిన ప్రసన్న అనే అమ్మాయి వెళ్తూ వెళ్తూ ఒకటే మాట చెప్పింది. "బాబాయ్, ఇందులో పురుగుమందు పడినా, యూరియా పడినా చేపలు దక్కవు."

అలివేలమ్మ అక్కడికక్కడే మొగుడి చెయ్యి లాగి తన నెత్తిన పెట్టుకుంది.

"ఒట్టెయ్యి."

"ఏమే, నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా?"

"చిన్నపిల్లాడివైతే ఒట్టెందుకు? రెండు తగిలించేదాన్ని."

బ్రహ్మయ్య ఒట్టేశాడు.

రెండు నెలలు తిరిగేసరికి పాలకూర జానెడు ఎదిగింది. మొదటి కోత బషీరున్నీసాకే పెట్టాలని మొగుడూ పెళ్ళాం ఎప్పుడో అనుకున్నారు. ఆమెని రేపటి భోజనానికి పిలవాలి. తీరా చూస్తే ఆకులన్నీ పచ్చకామెర్లు వచ్చినట్టున్నాయి.

"ప్రాణం నిలబెట్టిన మనిషికి పండాకు పప్పు పెడతామా?" అన్నాడు బ్రహ్మయ్య దిగులుగా.

"ప్రసన్నకి ఫోన్ చేశా. ఇనుము చాలక అట్టా అయిందంట. చేపలకి హాని చెయ్యని పొడి సాయంత్రం తెస్తానంది. అందాకా నువ్వు చేతులు కట్టుకుని కూర్చో. నేను పోయి వదినని పిలిచొస్తా."

ఆమె వీధి దాటిందో లేదో, ఈయన చేతులు విప్పేశాడు. సాయంత్రం పొడి వేస్తే రేపటికి పచ్చబడుతుందా? గుప్పెడు యూరియా పడితే పొద్దున్నకల్లా నిగనిగలాడదూ? గుప్పెడేగా, గుప్పెడుకి చేపలేం చస్తాయి? ఇలా తనకి తనే తీర్పు చెప్పుకుని, మెట్ల కింద పాత గోతాల వెనక అవసరానికని దాచుకున్న డబ్బా తీశాడు. కళ్ళజోడు టీవీ దగ్గరే ఉండిపోయింది. ముప్పై ఏళ్ళు చల్లిన సరుకుకి కళ్ళజోడెందుకని వెతకలేదు.

పొలంలో డ్రిప్పు గొట్టాల నీళ్ళలో ఎరువు కలిపినట్టు, నీళ్ళు మొదలయ్యే చోట వేస్తే అన్ని మొక్కలకీ అందుతుందని, గుప్పెడు తీసి చేపల తొట్టిలోనే చల్లాడు. అలవాటైన చెయ్యి కదా, రెండో గుప్పెడు కూడా దానంతటదే పడిపోయింది.

చేపలన్నీ ఒక్కసారి పైకొచ్చి గబగబా మింగేశాయి.

బ్రహ్మయ్యకి ఒట్టు గుర్తొచ్చింది. ఆ ఒట్టు ఎవరి నెత్తిన వేశాడో కూడా గుర్తొచ్చింది.

"ఓరి నాయనో!" అని మోటారు ఆపేసి, వంటింటి మీద పడ్డాడు. బిందెలు, బకెట్లు, గంగాళం, కుక్కరు, ఇడ్లీపిండి గిన్నె, ఏది దొరికితే అది డాబా మీదికి చేర్చాడు. అన్నిట్లో బోరు నీళ్ళు పట్టి, అలివేలమ్మ పిండి జల్లించుకునే జల్లెడతో చేపల్ని పట్టి వాటిల్లో వెయ్యడం మొదలుపెట్టాడు. ఒక చేప మెట్ల మీదికి దూకింది. ఈయన దాని వెంటపడి పట్టుకున్నాడు.

"కక్కవే తల్లీ, కక్కు! నీకు పుణ్యముంటుంది!"

సరిగ్గా అప్పుడే అలివేలమ్మ, పాలకూర చూద్దామని వెంట వచ్చిన బషీరున్నీసా మెట్లెక్కుతూ ఎదురయ్యారు.

"ఏంది తమ్ముడూ, చేపతో మాట్లాడుతున్నావ్?" అంది బషీరున్నీసా.

"స్నానం... స్నానం చేయిస్తున్నా అక్కా."

"నీళ్ళలో ఉండేదానికా?"

అలివేలమ్మ పైకెళ్ళి కుక్కర్లోకి చూసింది. గంగాళంలోకి చూసింది. మూత తీసిన డబ్బా చూసింది. చివరికి మెట్ల మీదున్న మొగుడి వైపు తిరిగింది.

"ఏమే, తప్పయిపోయింది. అక్కకి మంచి ఆకు పెట్టాలని యూరియా చల్లాను. ఒట్టు తప్పాను. నీకేమన్నా అయితే నేనేం కావాలే?" అంటూ చేప చేతిలో ఉండగానే మెట్టు మీద కూలబడ్డాడు.

"ఆ చేపని ముందు నీళ్ళలో వెయ్యి. నీ ఒట్టుతో చచ్చేట్టు లేదు గానీ నీ పిడికిట్లో చచ్చేట్టుంది," అంది అలివేలమ్మ. "ఆ డబ్బాలో యూరియా ఏడుంది? ఒట్టేసిన రోజే రాజుపాలెంలో మా తమ్ముడి చేనుకి పంపించా. అందులో పోసింది సన్న సగ్గుబియ్యం."

"సగ్గుబియ్యమా? అంటే నా ఒట్టు మీద నీకు నమ్మకం లేదా?"

"ఒట్టు మీద ఉందయ్యా. చెయ్యి మీదే లేదు."

బషీరున్నీసా పగలబడి నవ్వుతూ ఒక ఆకు తుంచి నమిలింది. "ఎంత లేతగా ఉంది తమ్ముడూ! పసుపైతే ఏంది, పప్పులో ఎట్టాగూ పసుపు వేస్తాంగా. రేపు రెండు పూటలా ఈడనే తింటా."

ఆ మాటతో బ్రహ్మయ్యకి కళ్ళు చెమర్చాయి. ఏడాదిగా నోటిదాకా వచ్చి ఆగిపోతున్న మాట బయటికొచ్చేసింది.

"అక్కా, ఆ రోజు నువ్వు రోడ్డు మీద నిలబడకపోతే నేను లేను. ఆ తర్వాత ఇది లేకపోయినా నేను లేను. మీ ఇద్దరి రుణం నేను తీర్చుకోలేను."

అలివేలమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. "విన్నావా వదినా? ఈ మాట వినడానికి నాకు ముప్పై నాలుగేళ్ళు పట్టింది."

"ఇంకో గుప్పెడు సగ్గుబియ్యం ఇవ్వవే అలివేలూ," అంది బషీరున్నీసా. "చల్లనీ, ఇంకా ఏమన్నా చెప్తాడేమో."

బ్రహ్మయ్య సిగ్గుపడుతూ కుక్కరందుకుని, అందులోని చేపల్ని జాగ్రత్తగా తొట్టిలోకి వదలసాగాడు.