లేపితేగానీ లేవని కంప్యూటర్ కేసు

“నా బుర్రని దాటి బతికిన నేరం ఇంతవరకు పుట్టలేదు,” అని ప్రకటించి డిటెక్టివ్ డేగకన్ను రిసెప్షనిస్టు కుర్చీలో కూలబడ్డాడు. ఆవిడ పక్కన నిలబడింది. ఏం చేస్తుంది మరి, ఆయన ఆ క్లినిక్ నడిపే పళ్ళ డాక్టరుగారి బావమరిది.

ఆవిడ గోడు చిన్నదే. రోగుల జాబితా, ఎక్స్‌రేలు అన్నీ ఒక ముసలి సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి. కొత్త కంప్యూటర్ మీద నడవనని అది మొండికేస్తే, లోపలే ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్ పెట్టారు. వర్చువల్ మెషీన్ అంటారట. నెల్లాళ్లుగా ఆ మహారాజు తనంతట తాను లేవడం మానేశాడు, రోజూ ఆవిడొచ్చి లేపాలి. నిన్న బస్సు ఆలస్యమై ఆవిడ పావుగంట లేటుగా వస్తే అరడజను మంది బుగ్గలు పట్టుకుని కూర్చున్నారు. “సాయంత్రంలోగా ఇది బాగుపడకపోతే వేరే మనిషిని చూసుకుంటా,” అన్నారు డాక్టరుగారు. ఆవిడకి నిజంగానే భయమేసింది.

“ఇది విద్రోహం,” అన్నాడు డేగకన్ను. “ఎవరిమీదైనా అనుమానముందా?”

“సెట్టింగ్ మీద ఉంది సార్. అది లేచే పద్ధతి దగ్గర మాన్యువల్, అంటే చేత్తో లేపాలని ఉంది చూడండి. మార్చబోతే పాస్‌వర్డ్ అడుగుతోంది. అది మీ దగ్గరే ఉందట.”

“పిచ్చిదానా, కంటికి కనిపించేది ఎప్పుడూ ఎరే.”

అయినా పాస్‌వర్డ్ కొట్టి ఆ సెట్టింగ్ తెరిచాడు. తర్వాత వేలిముద్రల కోసం కీబోర్డు నిండా పౌడరు చల్లాడు.

“అన్నీ నీ ముద్రలే.”

“నా కీబోర్డే కదా సార్.”

పౌడరు ముక్కులో దూరి ఆయన తుమ్మాడు. రుమాలు తీసి, గుడ్డెద్దు చేలో పడ్డట్టు కీబోర్డంతా తుడిచేశాడు. తెరమీద ఏదో మారి, ఆ సెట్టింగ్ మూసుకుపోయింది. లేవబోతూ వైరు తన్నాడు. కంప్యూటర్ చచ్చింది.

డాక్టరుగారు లోపల్నుంచి పరిగెత్తుకొచ్చారు. ఆవిడ ప్లగ్గు పెట్టి, స్విచ్ వేసింది. ముగ్గురూ చూస్తుండగా, ఎవరూ ముట్టుకోకుండానే రోగుల జాబితా తెరమీదికొచ్చింది.

“ముద్దాయి లొంగిపోయాడు,” అన్నాడు డేగకన్ను.

ఆవిడ సెట్టింగ్ చూసింది. ఆటోమేటిక్ అని ఉంది, అంతా రుమాలు చేసిన పుణ్యం.

“మరి దీన్ని మాన్యువల్ చేసిందెవరు?” అన్నారు డాక్టరుగారు, ఆవిడ వైపే చూస్తూ.

“నేనే బావా,” అన్నాడు డేగకన్ను ఛాతీ విరుచుకుని. “పోయిన నెల తనిఖీలో, వాటంతటవే లేచే ప్రోగ్రాములు కొన్ని దొరికాయి. పిలవకుండా వచ్చేవాడు దొంగ కాక ఎవడు? అన్నిటి నోరూ మూయించా.”

డాక్టరుగారు బావమరిదిని ఎగాదిగా చూశారు. తర్వాత ఆవిడతో, “తప్పు నాదమ్మా, నువ్వెక్కడికీ వెళ్ళక్కర్లేదు,” అన్నారు.

ఆవిడ గుండెల్లో బరువు దిగింది. “మరి నేరస్తుణ్ణి ఏం చేద్దాం సార్?” అని అడిగింది డేగకన్నుని.

“ఎవణ్ణి?” అన్నాడాయన, గదంతా కలయజూస్తూ.