గడప మీద నీడ

ఆ ఉదయం పుష్పావతి పెట్టుకున్న పని ఒక్కటే. అక్క నాగేశ్వరమ్మను పది గంటల చింతలపూడి బస్సు ఎక్కించాలి, అదీ ఏడవకుండా. పద్నాలుగేళ్ళ కిందట అమ్మ చివరిచూపు దక్కనప్పటినుంచీ, ఎవరు గడప దాటినా ఆమె గుండెలో రాయి పడేది. అప్పుడు టెలిగ్రాం రెండు రోజులు ఆలస్యంగా చేరింది. తెచ్చినవాడు పోస్టుమాన్ చిన్నరాయప్ప. ఆలస్యం అతనిదేనని ఆమె కోపం. మామిడి వ్యాపారం చేస్తూ నూజివీడంతటికీ రసాలు పంచే తమ ఇంటినుంచి, అతనికి మాత్రం ఇంతవరకూ ఒక్క కాయ వెళ్ళలేదు. మొన్న మద్రాసునుంచి పార్సిలు మోసుకొచ్చి మంచినీళ్ళడిగినా పుష్పావతి బావి వైపు వేలు చూపించింది.

ఆ పార్సిలు ఆమె భర్త వెంకటకృష్ణారావుది. ఇల్లు తన పనులు తానే చేసుకోవాలన్నది ఆ ఏడు ఆయనకు పట్టిన పిచ్చి. ట్యాంకు నిండగానే మోటారు ఆగిపోతుందన్నాడు, పెరడు చెరువైంది. తెల్లవారగానే ఫ్యాను ఆగుతుందన్నాడు, ఫ్యూజు పోయింది.

"ఇవాళ చూడు పుష్పా! గడప మీద నీడ పడితే చాలు, లైటు దానంతటదే వెలుగుతుంది" అంటూ పార్సిల్లో వచ్చిన శెనగబద్దంత బిళ్ళను గుమ్మానికి బిగించి, కాయల బేరానికి వెళ్ళిపోయాడు. గుమ్మంలో ఎండ పడుతోంది. ఆయన గడప దాటినా లైటేదీ వెలగలేదు. ఆయన చేసింది ఇంకోలా పనిచేస్తుందేమోనన్న అనుమానం పుష్పావతికి కలలో కూడా రాలేదు.

తొమ్మిదిన్నరకు రిక్షా పున్నయ్య వచ్చాడు. నాగేశ్వరమ్మ గడప మీద నిలబడి, దేవుడికి దండం పెట్టుకోవడానికి వెనక్కి తిరిగింది. పటం ముందు ఎర్రబల్బు టప్పున ఆరిపోయింది.

"పుష్పా! దేవుడి దీపం కొండెక్కిందే!"

"కరెంటు పోయుంటదిలెండి" అన్నాడు పున్నయ్య బయటినుంచి.

"ఫ్యాను తిరుగుతోంది, కనపడట్లా?" అంది నాగేశ్వరమ్మ.

అపశకునమైతే కూర్చుని, నీళ్ళు తాగి, మళ్ళీ బయలుదేరాలి. లోపలికొచ్చి కూర్చుంది. బల్బు వెలిగింది. నీళ్ళు తాగి లేచింది. గడప మీద నిలబడి చూస్తే, మళ్ళీ ఆరింది. ఈసారి రెండు గ్లాసులు తాగింది. మూడోసారీ అంతే. 

"బస్సెల్లిపోద్దండీ, అమ్మగారూ!" అంటూ పున్నయ్య గడప మీదికి వచ్చాడు. మళ్ళీ వెలిగిన దీపం ఆరింది.

నాగేశ్వరమ్మ అతన్ని యమధర్మరాజు పంపిన మనిషిని చూసినట్టు చూసి, చెల్లెలి చెయ్యి పట్టుకుంది. "నా పని అయిపోయిందే. ఇది చెప్పకుండా పోతే నాకు గతి ఉండదు. అమ్మ చివర్లో నీ పేరే పలవరించింది. టెలిగ్రాం ఇవ్వకుండా నేనే రెండు రోజులు ఆపాను. నువ్వొస్తే అమ్మ నా చెయ్యి వదిలేస్తుందని."

 అక్క కోసం తెచ్చిన నీళ్ళ గ్లాసు పుష్పావతి చేతిలోనే ఉండిపోయింది.

సరిగ్గా అప్పుడు వెంకటకృష్ణారావు గుమ్మంలోకొచ్చి, ఆరిన బల్బును చూసి చప్పట్లు కొట్టాడు. "పనిచేస్తోందే! ఎప్పుడూ స్విచ్చేసి ఉండే బల్బు గదా అని దేవుడిదానికి కలిపా. కాకపోతే తీగలు తిరగబడ్డాయి. వెలగాల్సింది ఆరుతోంది. వదినగారూ, చూశారా మీరు?"

వదినగారు చూసింది. తను ఇంకా చాలా ఏళ్ళు బతకబోతున్నట్టు ఆమెకు మెల్లగా అర్థమైంది.

"ఇందాక నేనన్నది... మర్చిపోవే పుష్పా" అంది నీరసంగా.

రోడ్డు మీద చింతలపూడి బస్సు హారను కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. ఏడవకూడదనుకున్న సంగతి పుష్పావతికి అప్పుడు గుర్తులేదు. చాలాసేపటికి కళ్ళు తుడుచుకుని, గ్లాసు అక్క చేతిలో పెట్టింది.

"తాగు. రేపెళ్దువుగాని. అమ్మ ఇంకా ఏమందో రాత్రికి చెబుదువు." తర్వాత అక్క కోసం కట్టిన రసాల బుట్ట వైపు చూసింది. "పున్నయ్యా, దీన్ని చిన్నరాయప్ప ఇంట్లో దించిరా."

చిన్నరాయప్ప ఆ బుట్టను అటూ ఇటూ తిప్పి చూసి, సంతకం ఎక్కడ పెట్టాలని అడిగాడట.